పదో తరగతి పిలకాయలు పళ్ళెం ఎందుకు పట్టుకోరు?

సంపాదకులు గారికి నమస్కారం. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం పెద్దపిల్లలు ఎందుకు తినడం లేదో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. జూన్‌లో బడి తెరిచి యూనిఫాం గుడ్డ ఇవ్వగానే మా ఊరి ఆడపిల్లల్లో చాలామంది నా దగ్గరికే వస్తారు. నా దగ్గర కొలతల పుస్తకం ఒకటుంది. ఒక్కో పిల్లకి ఒక పేజీ. కిందటేడు కొలతల కిందే ఈ ఏటి కొలతలు రాసుకుంటాను.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి వచ్చిన ఒక పాపకి టేపు చుట్టాను. పొడుగు రెండంగుళాలు పెరిగింది. నడుము కిందటేడు ఎంతో అంతే ఉంది. చేతి చుట్టుకొలత అర అంగుళం తగ్గింది. టేపు జారిందేమో అని మళ్ళీ చుట్టాను. తేడా ఏమీ లేదు. ఆ పాప పొద్దున ఏడున్నరకే ఇంట్లోంచి బయలుదేరుతుంది, ఒక్కోరోజు టీ తాగి, ఒక్కోరోజు అది కూడా లేకుండా. "మధ్యాన్నం బళ్ళో తింటున్నావా అమ్మా?" అని అడిగాను. "అక్కడ ఎవరు తింటారత్తా, చిన్నపిల్లలు తింటారు" అంది. చెప్పేటప్పుడు ఆ పాప మొహంలో బాధ లేదు. పెద్దదాన్నయ్యాను అన్న గర్వం ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పేజీలు వెనక్కి తిప్పి చూశాను. ఆరు, ఏడు తరగతుల పిల్లల కొలతలు ఏటేటా బాగానే పెరుగుతున్నాయి. ఎనిమిది దాటాక చాలామందికి పొడుగు ఒక్కటే పెరుగుతోంది. నేను డాక్టర్ని కాదు, ఇది బడి భోజనం వల్లేనని తేల్చి చెప్పలేను. అయినా ఆ రోజు రాత్రి నిద్ర పట్టక, మా అమ్మాయి బడి బ్యాగు తీసి చూశాను. అదీ తొమ్మిదే. పుస్తకాల అడుగున స్టీలు పళ్ళెం ఉంది. మా అత్తగారిది. అంచు మీద ఆమె పేరు, కింద పెళ్ళి తేదీ చెక్కి ఉంటాయి. పళ్ళెంలో పెన్సిల్ పొట్టు, చాక్లెట్ కాగితం ఉన్నాయి. అన్నం పెట్టుకున్న జాడే లేదు. పొద్దున అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "ఆ ప్లేటు మీద పేరు చూసి అందరూ చదువుతారు మ్మా. లైన్లో ఆరో తరగతి వాళ్ళ వెనకాల ప్లేటు పట్టుకుని నిలబడాలి. అబ్బాయిలు అరుగు మీద కూర్చుని చూస్తా ఉంటారు."

నేను మాత్రం అన్నం బాగుండదని చెబుతుంది అనుకున్నాను. అన్నం సంగతే ఎత్తలేదు.

నేను పదో తరగతి పరీక్షలు రాసింది 2003లో. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన అన్నం పెట్టాలని చెప్పాక, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలుపెట్టారు. అది చిన్నపిల్లలకి. మా హైస్కూల్లో లేదు. మధ్యాన్నం గంట కొడితే ఇల్లు దగ్గరున్న వాళ్ళు ఇంటికి పోయేవాళ్ళు. మాకు రెండు కిలోమీటర్లు. ఇంటికి పోయినా అమ్మ కూలికి పోయుంటుంది, పొయ్యిలో పిల్లి పడుకుని ఉంటుంది. బోరింగు దగ్గర కడుపు నిండా నీళ్ళు తాగి, మధ్యాన్నం పీరియడ్లకి కళ్ళు తిరుగుతుంటే బల్ల మీద తల పెట్టుకునేదాన్ని. లెక్కల సారు నిద్రపోతున్నానని తిట్టేవాడు. తొమ్మిది, పది తరగతులకి కూడా మన రాష్ట్రం 2008లో పెట్టడం మొదలుపెట్టింది. కేంద్రం లెక్క ఎనిమిదో తరగతి దాకానే. ఆ పైన పిల్లలకి రాష్ట్రమే సొంత డబ్బుతో పెడుతోంది. మాకు దొరకని అన్నం మా బిడ్డలకి దొరికింది కదా అని ఎంత సంతోషపడ్డానో. ఇప్పుడా అన్నం వండి, వార్చి, ఎదురుగా పెడితే మా పిలకాయలు గోడ దూకి ఎగ్ పఫ్ కొనుక్కుంటున్నారు. బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె వగైరాకి ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లకి కేంద్రం పెట్టిన లెక్క 2025 మే నుంచి రోజుకి 10 రూపాయల 17 పైసలు. మా బడి పక్కన పఫ్ ఇరవై రూపాయలు. కూలికి పోయే తల్లి కొంగులోంచి తీసిచ్చే ఇరవై అది.

నేను బడి తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. ఒక వారం రోజులు మధ్యాన్నం మిషన్ ఆపేసి వెళ్ళి చూశాను. గంట కొట్టగానే చిన్నవాళ్ళు పరిగెత్తి లైన్ కట్టేస్తారు. వాళ్ళకి ఆకలి ఉంది, సిగ్గు లేదు, వాళ్ళ వయసది. లైన్ వరండా చివరిదాకా పోయి మలుపు తిరుగుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది పిల్లల వంతు వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు దాటుతుంది. తర్వాత తినాలి, ఒక్క కుళాయి దగ్గర పళ్ళెం కడుక్కోవాలి, వెంటనే గంట. ఆడపిల్లలు ఒక చేత్తో చున్నీ పట్టుకుని, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, ఇసకలో కూర్చోవాలా నిలబడాలా తెలియక చూస్తుంటారు. నెలసరి రోజుల్లో అయితే నీళ్ళు కూడా తాగరు. తాగితే బాత్రూంకి పోవాల్సి వస్తుంది. అక్కడ గడియ సరిగా పడదు, నీళ్ళు ఉండే రోజు ఉంటాయి. నీళ్ళు తాగలేని పిల్ల అన్నం ఏం తింటుంది? ఈ ముక్క మగవాళ్ళు మాట్లాడరు, ఆడవాళ్ళం మనమూ మాట్లాడం. అందుకే రాస్తున్నాను.

అన్నం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ వారం రోజులూ నేనూ తిన్నాను. ఆకుకూర పప్పు కొంచెం పలచన, ఉప్పు సరిపోయింది. గుడ్డు కూర బాగుంది. పులిహోర నేను ఇంట్లో చేసేదానికన్నా బాగుంది. వచ్చిన చిక్కల్లా అన్నంతోనే. ముందు వడ్డించిన వాళ్ళకి పొడిపొడిగా ఉన్న అన్నమే చివర నిలబడ్డ పెద్దపిల్లల దగ్గరికి వచ్చేసరికి ముద్ద కట్టేస్తోంది. వండే అక్కని అడిగాను. "మూడొందల మందికి పదకొండుకల్లా దించాలి, పొయ్యి ఒకటే. ఒంటిగంటకి ముద్ద కాక ఏమవుద్ది చెల్లీ" అంది. ఆమె వేలి కొసలన్నీ కాలి గట్టిపడి ఉన్నాయి. నెలకి మూడు వేల రూపాయల గౌరవ వేతనం. కూరగాయల బిల్లు ఆలస్యమైతే అంగట్లో అప్పు ఆమె పేరు మీదే. ఆమెని తప్పు పట్టే నోరు నాకు లేదు. చిన్నవాళ్ళకి ఒక దఫా, పెద్దవాళ్ళకి అరగంట ఆగి ఇంకో దఫా వండుకునేలా రెండో పొయ్యి ఇస్తే సగం గొడవ తీరిపోతుంది.

మొలగొలుకుల వడ్లు పండిన గడ్డ మనది. నెల్లూరు బియ్యం అంటే ఊరూరా ఒక పేరుంది. అలాంటి చోట పుట్టిన పిలకాయలకి ఇన్నేళ్ళు లావు బియ్యం పెట్టాం. ఇంట్లో సన్నన్నం, బళ్ళో లావన్నం. పిల్లల మనసులో అప్పుడే పడిపోయింది, ఇది మనది కాదు, వేరేవాళ్ళకి పెట్టేది అని. 2025 జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. చాలా మంచి పని. కానీ పదో తరగతి పిల్లాడికి ఆ సంగతి తెలియాలంటే వాడు ముందు పళ్ళెంలో చూడాలి కదా. వాడు వంటగది వైపు వచ్చి రెండేళ్ళయింది.

ఇంకో అపోహ ఉంది, ప్లాస్టిక్ బియ్యం అని. ఫోన్లలో వీడియోలు చూసి మా వీధిలో తల్లులే పిల్లల్ని తినొద్దన్నారు. నేనూ ఒకప్పుడు నమ్మాను. మాకు వచ్చిన బడి బియ్యంలో నూటికి ఒకటి చొప్పున వేరే గింజ కలిపి ఉండేది. అది బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మళ్ళీ గింజలాగా చేసింది. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది. మా బడిలో సైన్సు టీచరమ్మ ఒకరోజు ఆ గింజలు ఏరి, తెల్ల కాగితం మీద పరిచి, నీళ్ళలో నానబెట్టి పిల్లల చేత నలిపించింది. పిండి అయిపోయింది. ప్లాస్టిక్ అయితే నలుగుతుందా? పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లకి పెద్ద మగమనిషి కన్నా ఎక్కువ ఐరన్ కావాలని మా ఊరి నర్సమ్మ (ఏఎన్ఎమ్) చెప్పింది. వారానికోసారి బళ్ళో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా అన్నం తిన్నాకే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే వికారం. మధ్యాన్నం తినని పిల్లలు ఆ మాత్రని కిటికీలోంచి పారేస్తున్నారు. మన రాష్ట్రంలో ఆ వయసు ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తం తక్కువున్న వాళ్ళే. అన్నం మానేస్తే మాత్ర కూడా పోతోంది.

ఇక అసలు సంగతి. 2025 జూలై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ఆ రోజు మేం తల్లిదండ్రులం కూడా పిల్లలతో కలిసి బళ్ళోనే తిన్నాం. వచ్చినవాళ్ళని నిలబెడితే బాగుండదని సార్లు వరండాలో పట్టాలు పరిచి, పెళ్ళిలో లాగా బంతి వేశారు. విస్తరాకులు వేసి, పదో తరగతి పిల్లలే వడ్డించారు. అమ్మా ఇంకొంచెం వేసుకోండి, పప్పు వేయనా అంటా తిరిగారు. మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. రెండోసారి అన్నం అడిగి వేయించుకుంది. అదే వంట మనిషి, అదే పొయ్యి. మరుసటి రోజు మళ్ళీ లైన్, మళ్ళీ పళ్ళెం బ్యాగులోంచి బయటికి రాలేదు.

అప్పుడు నాకు తెలిసింది. పళ్ళెం చాపి నిలబడటం వేరు, కూర్చుంటే వచ్చి వడ్డించటం వేరు. మన ఇళ్ళల్లో చుట్టం వస్తే పీట వేస్తాం. ఎంత లేనివాడింట్లో అయినా పెళ్ళికి బంతి వేస్తారు. చేయి చాపి తీసుకోవాల్సి వస్తే ఆకలి మీదున్నవాడు కూడా పక్కకి తప్పుకుంటాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలకి మానం అప్పుడప్పుడే తెలుస్తున్న వయసు. మనం దాన్ని పొగరు అనుకుంటున్నాం. చిన్నపిల్లలకి పెట్టినట్టే వీళ్ళకీ పెడతామంటే వీళ్ళు తినరు. ఈ మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. గోదావరి లంకల్లో ఏ వేళకి ఎవరు ఆకలని వచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు పెట్టుకున్నప్పుడు వడ్డించే తీరులో కూడా ఆ తల్లి కనపడాలి.

కమిటీ మీటింగులో ఈ మాట చెప్పాను. హెడ్మాస్టరు గారు ముందు టైం సరిపోదన్నారు. సరిపోకపోతే ఆపేద్దాం, ఒక నెల చూద్దాం సార్ అన్నాను. ఆగస్టు నుంచి తొమ్మిది, పది తరగతులకి మాత్రం పడమటి వరండాలో బంతి. పిల్లలే వంతుల వారీగా రోజుకి ఆరుగురు వడ్డన, అబ్బాయిలూ అమ్మాయిలూ. ఆ ఆరుగురు చివర్లో సార్లతో పాటు కూర్చుని తింటారు. పూర్వ విద్యార్థులు కొందరు డబ్బులేసి నూట యాభై పళ్ళేలు, గ్లాసులు కొనిచ్చారు. అన్నీ ఒకేలా ఉంటాయి, దేని మీదా పేరు లేదు. బడిలోనే ఉంటాయి. ఇంటి నుంచి మోసుకెళ్ళే పని లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న ప్రశ్న రాకుండా హాజరు పట్టీ వరసలో కూర్చోబెట్టారు. వండేది ఎవరు, ఏ వీధి మనిషి అని అడిగే ఇళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ఆ మాట పిల్లల దాకా రాకూడదని సార్లు గట్టిగా నిలబడ్డారు.

ఇంకొకటి పిల్లల్నే అడిగాం, ఏం కావాలి మీకు అని. బిర్యానీ అంటారని భయపడ్డాం. ఎక్కువమంది అడిగింది పచ్చడి. మన నెల్లూరు నోటికి చప్పటి పప్పన్నం ఒక్కటే దిగదు. వారానికి రెండు రోజులు గోంగూర పచ్చడో, శెనక్కాయల పచ్చడో ఒక్కొక్క స్పూను. అది ఊళ్ళో తల్లులం వంతులేసుకుని చేసి పంపుతున్నాం. వడ్డించే ముందు టీచరమ్మ రుచి చూస్తుంది. పచ్చడి ఉన్న రోజు అన్నం మిగలడం లేదు.

ముందు పదో తరగతిలో పది మంది కూడా తినేవాళ్ళు కాదు. మొన్న వెళ్ళి లెక్కపెట్టాను. 38 మందిలో 27 మంది కూర్చున్నారు. మిగతావాళ్ళలో ముగ్గురు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటారు, వాళ్ళూ బంతిలోనే కూర్చుని తింటున్నారు. కొందరు అబ్బాయిలు ఇంకా గోడ దూకుతున్నారు. వాళ్ళని కొట్టి కూర్చోబెట్టొద్దని కమిటీలో చెప్పాను. వడ్డన వంతు వాళ్ళకి కూడా ఇవ్వమన్నాను. పదిమందికి వడ్డించిన చేయి పఫ్ కోసం గోడ దూకదని నా నమ్మకం.

మా పెద్దవాడు ఇంటర్ మొదటి సంవత్సరం, ప్రభుత్వ జూనియర్ కాలేజీ. 2025 జనవరి నుంచి కాలేజీల్లో కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. కానీ అక్కడా ఇదే కథ. కాలేజీ పిల్లలకి ఇంకా సిగ్గు ఎక్కువ. వాడి స్నేహితుల్లో తినే వాళ్ళని "ఏరా, ఇంట్లో బియ్యం లేవా" అంటారంట. ఒక్క లెక్చరర్ గారు రోజూ వాళ్ళ మధ్య కూర్చుని తింటే ఆ మాట రెండు వారాల్లో ఆగిపోతుంది. మన పిల్లలు మన మాటల కన్నా మనం చేసేదే చూస్తారు.

తల్లిదండ్రులకి కూడా నాదొక మనవి. "మా పిల్ల బళ్ళో అన్నం తినదు" అని గొప్పగా చెప్పుకునే వాళ్ళని చాలామందిని చూశాను. నేనూ అనే ఉంటాను. పొద్దున టిఫిన్ లేకుండా పంపి, సాయంత్రం స్పెషల్ క్లాసులైపోయి ఆరింటికి వచ్చే పిల్ల మధ్యలో ఏం తిన్నదో అడగం. మార్కులు తగ్గితే మాత్రం మనకి టెన్షన్. నెలకి ఒకసారి వెళ్ళి ఆ వరండాలో కూర్చుని తిని రండి. కూర బాగలేకపోతే అక్కడే చెప్పండి, బాగుంటే వండిన మనిషికి కూడా చెప్పండి.

జిల్లా విద్యాశాఖ అధికారులకి విన్నపం. తొమ్మిది, పది తరగతులకి విడిగా కూర్చుని తినే చోటు, ఒక పావుగంట ఎక్కువ టైం, బడిలోనే ఉండే పళ్ళేలు, నాలుగు కుళాయిలు, గడియ పడే బాత్రూం. ఇవి పెద్ద ఖర్చులు కావు. వండే అక్కల (వంట ఏజెన్సీల) బిల్లులు నెల నెలా ఇవ్వండి. మా బడిలో చేసినట్టు ఇంకో నాలుగు బడుల్లో చేసి చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో పిల్లల్నే అడగండి, వాళ్ళే చెబుతారు.

జూన్‌లో నేను కొలిచిన ఆ పాప ఇప్పుడు బుధవారం వడ్డన బ్యాచిలో ఉంది. సంక్రాంతికి లంగా ఓణీ కుట్టించుకోవడానికి వస్తానని చెప్పింది. పుస్తకంలో ఆ పేజీ కింద ఇంకో వరస ఖాళీ ఉంచాను.

ఈ ఉత్తరం అచ్చు వేస్తే దయచేసి నా పేరు, ఊరి పేరు వేయకండి. నిన్న రాత్రి మా అమ్మాయి పక్కన కూర్చుని, "నాయనమ్మ పళ్ళెం సంగతి కూడా రాశావా" అని అడిగింది. రాశానని చెప్పాను. పేరు లేకపోతే రాసుకో అంది.

ఇట్లు,
ఒక తల్లి,
బుచ్చిరెడ్డిపాళెం మండలం, నెల్లూరు జిల్లా.